చెవిన పడని మైల

ధర్మపురికి రెండు రోజుల్లో పోయి రావచ్చు. ఈ లెక్క వేసి వేసి నాకు విసుగొచ్చింది గనుక ఇప్పటికీ కంఠతా వచ్చు. పొద్దున్నే గౌలిగూడలో కరీంనగర్ బస్సు ఎక్కాలి. మధ్యాహ్నానికి అక్కడ దిగి ఇంకో బస్సు పట్టుకుంటే దీపాలు పెట్టే వేళకు ధర్మపురి. సత్రంలో పడుకుని, తెల్లవారి గోదావరిలో మునిగి, నరసింహస్వామిని చూసి, యమధర్మరాజు గుడిలో గండదీపానికి నూనె పోసి, ఎండ ముదరకముందే తిరుగు బస్సు ఎక్కడం. అంతే. ఈ 'అంతే'కి మా ఇంట్లో ఏడాది మీద నాలుగు నెలలు పట్టింది.

అప్పుడు నేను యూనివర్సిటీలో పరీక్షల సెక్షన్‌లో టైపిస్టుని. మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. తార్నాకలో రెండు గదుల కిరాయి ఇల్లు, అందులో మేమిద్దరం, బడికి పోయే ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. పొద్దున నాలుగింటికి నల్లా వచ్చేది. ఆ నీళ్ళు పట్టడంతో మొదలయ్యే రోజు రాత్రి గిన్నెలు బోర్లించే దాకా సాగేది. మధ్యలో పది నుంచి అయిదు దాకా మార్కుల జాబితాలు కొట్టడం. ఒక అంకె తప్పు పడితే మొత్తం కాగితం మళ్ళీ కొట్టాలి. ఎవరైనా "ఏంటమ్మా అట్లున్నావు, ఒంట్లో బాగాలేదా?" అని అడిగితే ఒళ్ళు మండేది. ఒంట్లో బాగానే ఉంది. నిద్రే లేదు.

అరవై ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో అత్తమ్మను కళ్ళ దవాఖానాకు తీసుకుపోయాను. ఎడమ కన్ను అప్పటికే పోయింది. ఆమె ఆ సంగతి మాకు చెప్పనే లేదు, తల కొంచెం వంచి కుడి కంటితో నెట్టుకొస్తోంది. డాక్టరు చాలాసేపు చూసి, ఇది కాలా మోతియా, అంటే నీటికాసులు, మామూలు మోతిబిందు శుక్లం కాదు, ఆపరేషన్ చేసినా పోయిన చూపు రాదు అన్నాడు. కుడి కంటి సంగతి అడిగితే, చుక్కలు వేస్తూ ఉండండి, ఆరు నెలలు ఉండవచ్చు, ఇంకొంచెం ఎక్కువ ఉండవచ్చు అన్నాడు. నేను బయటికి వచ్చి ఆమెకు ఎలా చెప్పాలా అని తంటాలు పడుతుంటే ఆమే అంది.

"నాకు ఇనవడ్డది తియ్. ఇగ ధర్మపురికి తోల్కపో బిడ్డా."

ధర్మపురే ఎందుకంటే దానికి పెద్ద కథ ఉంది. ఆమె అప్పటికి మూడుసార్లు ధర్మపురి పోయింది. మూడుసార్లూ స్వామి ముఖం చూడకుండా వచ్చింది. మొదటిసారి చిన్నపిల్ల, జాతర గుంపులో ఎవరి వీపో తప్ప ఏమీ కనబడలేదట. రెండోసారి కొత్త కోడలుగా పోతే గోదావరి ఒడ్డునే ముట్టయింది. అందరూ గుడికి పోయి వచ్చేదాకా మూటల దగ్గర కాపలా కూర్చుంది. మూడోసారి చంకలో మా ఆయన. ఆయన సరిగ్గా గడప దగ్గర వాంతి చేసుకుంటే కడిగి తుడిచి లేచేసరికి తలుపులు మూశారు. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆమె కొడుకు వంక చూసి "గీ బాడ్కావ్ కక్కకుంటె నేను చూసేదాన్నే" అనేది. మా ఆయన నవ్వేవాడు. "ధర్మపురికి పోయినోళ్ళకు యమపురి ఉండదంటరు. మూడుసార్లు పోయినవ్, చాలదానే అమ్మా?" అనేవాడు.

"యమపురి సంగతి నాకెందుకురా, మొకం చూడాలె" అనేది ఆమె.

ఎవరు తీసుకుపోవాలి అన్నప్పుడు మా ఆయన ఎంత తేలిగ్గా తప్పించుకున్నాడో ఇప్పటికీ నాకు మంటే. నదిలో స్నానం చేయించాలి, చీర మార్పించాలి, ఆడమనిషి వెంబడి ఆడమనిషి పోతేనే మంచిగుంటది అన్నాడు. నిజమే, కాదనలేను. రైల్వే పాసు ఉంది కదా అంటే, రైలు ధర్మపురి దాకా పోదు కదా అన్నాడు. అదీ నిజమే. ఆయన ఎప్పుడూ నిజాలే చెబుతాడు, పని మాత్రం నా నెత్తిన పడుతుంది. ఆయనకు పగటి డ్యూటీ ఉన్న వారంలో నేనూ అత్తమ్మా పోవాలి, ఆయన రాత్రి పిల్లల దగ్గర ఉండాలి అని తేలింది.

ఇల్లు అలకగానే పండగ అయిపోతుందా? గోడకున్న క్యాలెండరు తీసి ముందు వేసుకున్నాను. రెండు వారాలకు ఒకసారి వచ్చే ఆయన పగటి డ్యూటీకి ఒక గుర్తు పెట్టాను. నాకు నెల తప్పకుండా వచ్చే నాలుగు రోజులకు ఒక గుర్తు. అవి అయిదారు రోజులు ముందుకూ వెనక్కూ జరుగుతాయి గనుక చుట్టూ ఇంకో గీత. ఆఫీసులో ఫలితాలు వెళ్ళే వారాలకు ఒక గుర్తు, ఎందుకంటే అప్పుడు సెలవు అడిగితే సూపరింటెండెంటు గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టేవారు. అమావాస్యకు అత్తమ్మ బయలుదేరదు. మంగళవారం గడప దాటదు. ఇవన్నీ పోగా ఆ క్యాలెండరులో తెల్లగా మిగిలిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఆ మిగిలిన రోజుల మీద మా పాలోళ్ళు కూర్చునేవారు. పాలోళ్ళంటే మా మామగారి వంశం పంచుకున్న అన్నదమ్ముల ఇళ్ళు. ఊళ్ళో ముప్పై గడపలు. ఆ ముప్పై గడపల్లో ఎవరికి బిడ్డ పుట్టినా మాకు పురుడు, ఎవరు పోయినా మాకు మైల. పదకొండు రోజులు గుడి ముఖం చూడకూడదు. ముప్పై గడపలంటే మాటలా? పుట్టేవాళ్ళు పుడుతూనే ఉంటారు, పోయేవాళ్ళు పోతూనే ఉంటారు. శ్రావణంలో అనుకుంటే నా నాలుగు రోజులే అడ్డం వచ్చాయి. భాద్రపదంలో ఎవరికో మగపిల్లాడు. దసరాకు పిల్లలిద్దరికీ జ్వరం. కార్తీకంలో సెలవు దొరికింది, డ్యూటీ కుదిరింది, దారిలో తినడానికి సత్తుపిండి కూడా కొట్టి డబ్బాలో పోశాక ఊరి నుంచి కార్డు, ఒక ముసలావిడ పోయిందని. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా దేవుడి దాకా పోతే కదా పూజారి సంగతి!

ప్రతిసారీ అత్తమ్మ ఒక్కటే అనేది. "ఏం జేస్తం. ఇంకో దినం చూడు బిడ్డా." నేను మళ్ళీ క్యాలెండరు దించేదాన్ని. ఆమె తల వంచి, కుడి కన్ను ఆ కాగితానికి దాదాపు ఆనించి, ఏ గుర్తు ఎక్కడుందో చూసేది. దసరా నాటికి గుర్తులు కనబడేవి. కార్తీకం నాటికి వేలితో చూపించమనేది.

ఉత్తరాల సంగతి చెప్పాలి. మా ఇంటికి నంబరు సరిగ్గా ఉండేది కాదు, పోస్టుమాను వెనక వీధిలో పడేసి పోయేవాడు. అందుకని ఊరివాళ్ళు నా ఆఫీసుకే రాసేవారు. పుట్టుకైనా చావైనా ముందు నా బల్ల మీదికి వచ్చేది. చావు కబురు కార్డుకు పై మూల చింపి ఉంటుంది. చదివిన చోటే దాన్ని చించి పారేసి, ఇంటి బయట నిలబడి నోటితో చెప్పి, స్నానం చేసి లోపలికి పోవాలి. కార్డు గడప దాటకూడదు.

ఆ ముసలావిడ మైల తీరాక ఒక సాయంత్రం నేను చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంటే అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చేత్తో తడిమి ఈనెలు తీస్తూ, ఉన్నట్టుండి అంది.

"మీ పిల్లలకు గివన్ని తెల్వయి గని, చావు కబురు పది దినాల లోపట తెలిస్తె మిగిలిన దినాలు పట్టాలె. పది దినాలు దాటినంక తెలిస్తె తలమీంచి నీళ్ళు వోసుకుంటె సరి. అంతే."

"అట్లనా?" అన్నాను.

"అట్లనే. చెవుల వడందాంక మైల గాదు."

నాలుగు కాయలు తీసింది.

"కార్డులు నీ తానికే ఒస్తయి గద?" అంది.

నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెబితే కళ్ళు పోతాయి. అంతకన్నా విప్పి అడగడం ఆమె వల్ల కాదు. కోడలా, చావు కబురొస్తే నాకు చెప్పకు అని నోటితో అంటే ఆ మాటే దోషం. అందుకని నియమం చెప్పినట్టు చెప్పింది. నేను ఊఁ అన్నాను. ఆ ఊఁలో ఒప్పుకోలు ఉందని ఆమె అనుకుంది. నేనూ అనుకున్నాను.

పుష్యమాసంలో అన్నీ కుదిరాయి. ఆయనకు పగటి డ్యూటీ, నా నాలుగు రోజులు గడిచి మొన్ననే స్నానం చేశాను, ఆఫీసులో ఫలితాలు వెళ్ళిపోయాయి, సూపరింటెండెంటు గారు కళ్ళద్దాలు తీయకుండానే రెండు రోజుల సెలవు కాగితం మీద సంతకం పెట్టారు. రేపు పొద్దున బస్సు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి చప్రాసీ వచ్చి నా టైపు మిషన్ పక్కన ఒక కార్డు పెట్టి పోయాడు. పై మూల చింపి ఉంది.

చదవకుండా పక్కన పడేయవచ్చు. మూల చూశాక చదవాల్సిన అవసరం ఏముంది? చదివాను. మా మామగారికి తాతల నాటి వరసలో అన్న అయ్యే ఆయన, నేను పెళ్ళిలో ఒక్కసారి చూసి ఉంటానేమో, మూడు రోజుల కింద పోయాడు. బడి పంతులు రాత, రెండే వాక్యాలు. నేను కార్డు పట్టుకుని అలాగే కూర్చుంటే పక్క సీటామె టైపు ఆపింది. ఆమెది మెదక్ వైపు ఊరు, క్రైస్తవులు. మా ధర్మపురి కథంతా ఆమెకు తెలుసు. రోజూ మధ్యాహ్నం డబ్బా విప్పుకుని అదేగా మా కాలక్షేపం.

"మళ్ళెవరు పోయిండ్రు?" అంది.

చెప్పాను.

"చింపెయ్."

"పాపం కదా?"

"ఏం పాపం? ఆ ముసలాయన ఇప్పుడు లేచి వస్తడా? మీ అత్తమ్మ కండ్లు ఆగుతయా? ఇటియ్యి, నేను చింపుతా. మా దాంట్ల గిసొంటి దినాల లెక్కలుండవమ్మా. చావంటె మాకు ఏడుపే."

చెయ్యి చాచింది. నేను కార్డు ఇవ్వలేదు. సంచీలో పెట్టుకున్నాను. "ఇంటికి తీస్కపోతవా?" అని ఆమె నా వంక వింతగా చూసింది. నిజమే, మా వాళ్ళలో ఎవరూ చెయ్యని పని అది.

అయిదింటికి బయటపడి నడక మొదలుపెట్టాను. ఆర్ట్స్ కాలేజీ ముందు పిల్లలు గుంపులుగా నిలబడి ఏదో గట్టిగా వాదించుకుంటున్నారు. ఆ ఏడాది గొడవలు అప్పుడే మొదలవుతున్నాయి. నాకవేమీ పట్టలేదు. ఒకటి ఒప్పుకోవాలి. ఆ దారంతా నాకు దేవుడి భయం ఒక్క క్షణం కూడా కలగలేదు. పోయినాయన మీద జాలి కూడా లేదు. నాకు కనబడిందల్లా రేపటి రోజు. మూడింటికి లేవడం, రెండు రోజులకు పిల్లలకు వండి పెట్టడం, మూటలు, అత్తమ్మ చెయ్యి పట్టుకుని గౌలిగూడ గుంపులో సీటు కోసం తోసుకోవడం, రోజంతా బస్సు, సత్రంలో చాప, చలిలో గోదావరి, తడి చీరలు, మళ్ళీ రోజంతా బస్సు, దిగీ దిగగానే అంట్లు, తెల్లవారి మళ్ళీ పదింటికి ఆఫీసు. సంచీలో ఉన్న కార్డు ఒక్కటి చాలు, ఇవేవీ ఉండవు. సెలవు మంజూరైంది, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోరు. రెండు రోజులు పడుకోవచ్చు.

అంతే. ఇంకే కారణమూ లేదు. ఎన్నో ఏళ్ళు నాకు నేనే వేరే కారణాలు చెప్పుకున్నాను.

ఇల్లు చేరేసరికి తలుపు తీసే ఉంది. అత్తమ్మ గదిలో మూటల మధ్య కూర్చుంది. గండదీపానికి నూనె సీసాలో పోసి, మూతకు గుడ్డ చుట్టి గట్టిగా కట్టింది. ఉతికిన చీరలు మడత పెట్టింది. సత్తుపిండి మళ్ళీ కొత్తగా కొట్టింది, గది అంతా ఆ వాసనే. పిల్లలు ఆమె చుట్టూ చేరి వేళ్ళు నాకుతున్నారు. నా చెప్పుల చప్పుడు విని ముఖం ఎత్తింది.

"వచ్చినవా బిడ్డా?"

నేను గడప బయటే నిలబడ్డాను. మనిషి గడప బయట నిలబడితే దానర్థం ఏమిటో మా ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆమె చేతులు సీసా మీద ఆగిపోయాయి.

"లోపటికి రా" అంది గబగబా. "కాళ్ళు కడుక్కోని లోపటికి రా. అలసిపోయి వచ్చినవ్. ఏమన్న ముచ్చటుంటె ఒచ్చినంక చెప్పుదువు. ఎల్లుండి చెప్పుదువు గని, రా."

అంతకన్నా బతిమాలడం ఏముంటుంది? నేను సంచీలోంచి కార్డు తీశాను.

"కార్డు వచ్చింది అత్తమ్మా. మీ పెద్ద బావగారట, పోయారట. మూడు రోజులైంది."

ఆమె పిల్లలను పక్కకు జరగమంది. "అయ్యో, మంచి మనిషి" అంది. ఆయన గురించి రెండు మంచి మాటలు చెప్పింది. లేచి గోడ పట్టుకుని వెనక వైపు పోతూ, "నీళ్ళు పెట్టు బిడ్డా, తానం జేద్దం" అంది. మామూలుగానే అంది. మా ఆయన వచ్చి విని, "గట్లెట్ల పోతరు, మైల గద" అని భోజనానికి కూర్చున్నాడు. ఆ తర్వాత ఎప్పుడో ఊరికి పోయినప్పుడు పాలోళ్ళలో ఒకావిడ, బట్నంలో నౌకరీ చేసే పిల్లయినా పద్ధతి తప్పలేదని నన్ను మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు వింటుంటే నాకు చెప్పుతో కొట్టినట్టయింది.

ఆ రెండు రోజులూ ఇంట్లోనే ఉన్నాను. మైల తీరాక మళ్ళీ క్యాలెండరు తీద్దామంటే ఊరంతా అట్టుడికిపోతోంది. ప్రత్యేక రాష్ట్రం కావాలని పిల్లలు రోడ్ల మీదికి వచ్చారు. తార్నాక చౌరస్తాలో రాళ్ళు, టియర్ గ్యాసు. క్యాంపస్‌లో క్లాసులు ఆగిపోయాయి. బస్సులు ఒకనాడు నడిస్తే నాలుగు రోజులు నడవవు. నడిచిన నాడు బయలుదేరితే మధ్యలో ఎక్కడ ఆపేస్తారో తెలియదు. కళ్ళు సరిగ్గా కనబడని ముసలామెను వెంటేసుకుని ఎలా పోవడం? ఎవరినని ఏం లాభం, ఎవరి గోల వాళ్ళది. అవన్నీ మొదలుకాక ముందు నాకు రెండు రోజులు దొరికాయి. వాటిని నేనేం చేశానో నాకు తెలుసు.

ఎండాకాలం మధ్యలో ఒక పొద్దున అత్తమ్మ "దీపం తీసేసిండ్రా?" అని అడిగింది. బయట ఎండ కాస్తోంది. నేను అవును, తీసేశాను అన్నాను. ఆమె కాసేపు చేతులు కళ్ళ ముందు ఆడించుకుంది. "ఇగ అయిపోయింది తియ్" అంది. ఏడవలేదు. ఆ తర్వాత ధర్మపురి మాట ఎత్తలేదు. నేనే ఎత్తాను.

దసరా వెళ్ళాక ఊరు సద్దుమణిగింది. బస్సులు నడుస్తున్నాయి. సెలవు పెట్టాను. "ఎందుకు బిడ్డా, ఇగ పోయి ఏం జెయ్యాలె" అంది అత్తమ్మ. పోదాం అత్తమ్మా, గోదావరిలో మునిగినట్టయినా ఉంటుంది అని మొండికేశాను. చిత్రం చూడండి, ఈసారి ముప్పై గడపల్లో ఒక్కరు పుట్టలేదు, ఒక్కరు పోలేదు. నాకు అడ్డం రాలేదు. సూపరింటెండెంటు గారు ఒక్క మాట అనలేదు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అన్నీ అంత సాఫీగా జరుగుతుంటే నాకు ఏడుపొచ్చింది.

గుడిలో జనం లేరు. గడప దాటి లోపలికి తీసుకుపోయి స్వామికి ఎదురుగా నిలబెట్టాను. ఎవరి వీపూ అడ్డం లేదు. తలుపులు తెరిచే ఉన్నాయి. ఆమె చేతులు జోడించి, అలవాటుగా తల కొంచెం వంచి, కుడి కన్ను ముందుకు పెట్టింది.

"మొకం ఎట్లున్నదే?" అని మెల్లగా అడిగింది.

లోపల చీకటి. దీపం వెలుతురులో పూలదండలే కనబడుతున్నాయి, వాటి పైన ఏముందో నాకు సరిగ్గా ఆనలేదు. నా కళ్ళ నిండా నీళ్ళు.

"నవ్వుతున్నట్టున్నది అత్తమ్మా" అన్నాను.

"అవునా" అని తలూపింది. పూజారి హారతి తెచ్చాడు. నేను ఆమె చేతులు పట్టుకుని వేడికి దగ్గరగా పెట్టాను. కళ్ళకద్దుకుంది. యమధర్మరాజు గుడిలో ఆమె చేతికి సీసా ఇచ్చి, చెయ్యి పట్టుకుని గండదీపంలో నూనె పోయించాను. సగం బయట పడింది.

బస్సుకు ఇంకా సమయం ఉంది. గోదావరి మెట్ల మీద కూర్చున్నాం. ఎండ తగులుతోంది, ఆమె తడి జుట్టు విప్పి ఆరబెట్టుకుంటోంది. ఇక నా వల్ల కాలేదు.

"అత్తమ్మా, ఆ కార్డు సంగతి" అన్నాను. "చింపేస్తే అయిపోయేది. నువ్వు ముందే చెప్పినవు. గడప దగ్గర కూడా చెప్పినవు. నాకు అన్నీ అర్థమైనయి. అర్థమయ్యే చెప్పిన."

ఆమె జుట్టు దులపడం ఆపలేదు.

"భయపడి చెప్పలేదు. దేవుడూ లేదు, మైలా లేదు. నాకు అలసట. ప్రయాణం తప్పితే పడుకోవచ్చనిపించింది. అంతే అత్తమ్మా. అందుకు చెప్పిన."

"నాకెరుకనే" అంది.

నేను ఆమె వంక చూశాను. ఆమె ముఖం నది వైపు ఉంది.

"ఆ తెల్లారి నువ్వెట్ల పండుకున్నవో నీకు ఎరుకనా? నల్లా వచ్చింది, లేవలే. పిల్లగాండ్లు మొత్తుకున్నరు, లేవలే. నేనే వాండ్లను బయటికి తోలిన. ఎండొచ్చి మీద వడ్డది, అయినా లేవలే. నువ్వు మా ఇంటికి వచ్చి పదేండ్లాయె, నిన్ను గట్ల పండుకోంగ నేను చూసుడు గదే మొదలు. నీ పక్కన కూసున్న. మొత్తం వంగి చూసిన. ఆ దినం కన్ను జెర మంచిగుండె. మంచిగ అవుపడ్డవ్."

"నన్ను తిట్టు అత్తమ్మా" అన్నాను. "ఒక్క మాటన్నా తిట్టు."

"తిట్టొద్దనుకోలే. కోపం శాన ఒచ్చింది. లేపి అడుగుదమనే వచ్చి కూసున్న" అంది. "మొకం చూసినంక లేపబుద్ధి గాలే."

నేను మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. మెట్ల మీద బట్టలు పిండుకుంటున్న వాళ్ళు తిరిగి చూశారు. అత్తమ్మ చెయ్యి చాచి నా ముఖం కోసం వెతికింది. ముందు భుజం దొరికింది, తర్వాత చెవి, తర్వాత చెంప.